కెర్నెల్‌లో రస్ట్ జెనరిక్ అటామిక్‌లు: డ్రైవర్లలో బాగా వాడి చూశాక

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి రస్ట్ భాష అడుగుపెట్టింది 6.1 వెర్షన్‌తో, 2022 డిసెంబరులో. ఆ తర్వాత కూడా చాలాకాలం అటామిక్‌ల (అనేక కోర్లు ఒకేసారి ముట్టుకున్నా మధ్యలో తెగకుండా చదివి, రాయగలిగే వేరియబుళ్ల) విషయంలో మాకు సొంత పనిముట్టు లేదు. భాషతో పాటు వచ్చే కోర్ లైబ్రరీ అటామిక్‌లతోనే సర్దుకున్నాం. 6.18లో ఆ లోటు తీరింది. కెర్నెల్ డెవలపర్ బోచున్ ఫెంగ్ ముందుండి నడిపించిన ఈ జెనరిక్ (ఒకటికన్నా ఎక్కువ టైపులకు పనికొచ్చే) అటామిక్‌లను అధికారిక కెర్నెల్ అయిన మెయిన్‌లైన్‌లో చేరకముందే ప్యాచ్‌లుగా తెచ్చుకుని వాడటం మొదలుపెట్టాను. హైదరాబాద్ రాయదుర్గంలో ఆర్మ్64 ప్రాసెసర్ బోర్డులకు డ్రైవర్లు రాయడం నా ఉద్యోగం. సి లో ఏళ్ల తరబడి పనిచేసి ఇప్పుడు రస్ట్ వైపు చూస్తున్న ఇక్కడి ఇంజినీర్లను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: కెర్నెల్‌లో రస్ట్ కోసం జరిగిన డిజైన్ పనుల్లో ఇంత శ్రద్ధగా చేసినది నేను ఇంకొకటి చూడలేదు.

రస్ట్‌లో ఇప్పటికే అటామిక్‌లు ఉన్నాయి కదా, మళ్లీ ఇవెందుకు అని చాలామంది అడుగుతారు. కారణం మెమరీ మోడల్, అంటే ఒక కోర్ చేసిన చదువులూ రాతలూ మరో కోర్‌కు ఏ వరుసలో కనిపించవచ్చో చెప్పే నియమావళి. కోర్ లైబ్రరీ అటామిక్‌లు సి++20 మోడల్‌ను అనుసరిస్తాయి. కెర్నెల్‌కు తనదైన మోడల్ ఉంది. 2018లో 4.17 వెర్షన్‌తో అది లాంఛనంగా కెర్నెల్ సోర్సులోనే చేరింది. ఒకే వేరియబుల్‌ను సి ఫైలు ఒక మోడల్ ప్రకారం, రస్ట్ ఫైలు మరో మోడల్ ప్రకారం ముట్టుకుంటే ఆ రెండూ కలిసే చోట ఏం జరగాలో ఏ నియమమూ చెప్పదు. డ్రైవర్లలో ఇది రోజూ ఎదురయ్యే పరిస్థితే. రింగ్ బఫర్ (గుండ్రంగా తిరిగి వాడుకునే క్యూ) తల సూచికను సి లో ఉన్న పాత కోడు ముందుకు జరుపుతుంది, తోక సూచికను మేము కొత్తగా రాసిన రస్ట్ కోడు జరుపుతుంది. కొత్త అటామిక్‌లు లోపల కెర్నెల్ సి అటామిక్ ఫంక్షన్లనే పిలుస్తాయి కాబట్టి రెండు వైపులా ఒకే నియమం నడుస్తుంది. సి నిర్మాణంలోని ఒక ఫీల్డును పాయింటర్ ద్వారా తీసుకుని రస్ట్‌లో అటామిక్‌గా వాడే దారి కూడా ఇచ్చారు. అది అన్‌సేఫ్ (సరిగ్గా ఉందన్న పూచీ కంపైలర్‌ది కాక రాసేవారిదైన) దారే, అలా ఉండటమే న్యాయం.

మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారంలోనే అడిగింది: "అక్కా, సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ ఆర్డరింగ్ ఎక్కడా కనిపించడం లేదేమిటి? ఇక్కడ నాలుగే ఉన్నాయి." నిజమే. రిలాక్స్‌డ్, అక్వైర్, రిలీజ్, ఫుల్, అంతే. ఆర్డరింగ్ అంటే అటామిక్ చుట్టూ ఉన్న చదువులూ రాతలూ ఎంత వరుస పాటించాలో చెప్పే మాట: రిలాక్స్‌డ్ ఏ వరుసా కోరదు, అక్వైర్ తర్వాతివాటిని ముందుకు రానివ్వదు, రిలీజ్ ముందున్నవాటిని వెనక్కి జారనివ్వదు. సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ అనేది సి++ మోడల్‌లో అన్నిటికన్నా కట్టుదిట్టమైనది. ఫుల్ అంటే కెర్నెల్ అర్థంలో పూర్తి అడ్డుకట్ట: ఈ ఆపరేషన్‌కు ముందున్న చదువులూ రాతలూ అన్నీ ముందే, తర్వాతివన్నీ తర్వాతే. సి++ మోడల్‌లోని సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ అంత హామీ ఇవ్వదు. ఆర్మ్64 మీద అది అక్వైర్‌తో చదవడం, రిలీజ్‌తో రాయడంగా మారినప్పుడు, ముందున్న మామూలు రాత ఒకటి కిందికి జారి, తర్వాతి చదువు ఒకటి పైకి పాకి, మధ్యలో ఒకదాన్నొకటి దాటిపోగలవు. కెర్నెల్ ఆర్మ్64 కోడులోనే 2014లో సరిగ్గా ఈ సమస్యను సరిదిద్ది, రిలీజ్ రాత తర్వాత అడ్డుకట్ట సూచన చేర్చారు. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే బయటి నుంచి వచ్చిన ప్రోగ్రామర్ పాత అర్థాన్నే మోసుకొచ్చేవాడు. వేరే పేరు పెట్టడం మంచి నిర్ణయం.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం దగ్గరికి వస్తాను. ఇందులో ఆర్డరింగ్ అనేది విలువగా కాక టైపుగా వస్తుంది. కోర్ లైబ్రరీలో రిలీజ్ ఆర్డరింగ్‌తో లోడ్ చేయమని అడిగితే, ఆ ఆర్డరింగ్ నేరుగా కనిపించినప్పుడు కంపైలర్ పట్టుకుంటుంది. వేరియబుల్‌లో దాగి వస్తే మాత్రం నడిచే సమయంలో ప్యానిక్ అవుతుంది. కెర్నెల్‌లో ప్యానిక్ అంటే మొత్తం యంత్రమే ఆగిపోయే ప్రమాదం. ఇక్కడ లోడ్‌కు అక్వైర్ లేదా రిలాక్స్‌డ్ మాత్రమే, స్టోర్‌కు రిలీజ్ లేదా రిలాక్స్‌డ్ మాత్రమే ఇవ్వగలం. మరొకటి ఇస్తే కంపైల్ కాదు. చదివే ముందు పూర్తి అడ్డుకట్ట కావాలంటే మెమరీ బ్యారియర్ ఫంక్షన్‌ను విడిగా పిలవాలి, కోడు చదివేవాడికి అది కళ్లెదుట కనిపిస్తుంది.

దీని విలువ సి కోడును పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సి లో అటామిక్ ఎక్స్‌ఛేంజ్ పేరుకు (అక్వైర్, రిలీజ్ వంటి) ఏ తోకా తగిలించకపోతే పూర్తి ఆర్డరింగ్ వస్తుంది. అటామిక్ సెట్‌కు తోక లేకపోతే ఏ ఆర్డరింగూ రాదు. విలువ తిరిగివ్వని అటామిక్ యాడ్‌దీ అదే తీరు. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉన్నాయి కానీ రివ్యూ చేసే మనిషి కంటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. మా చేతికి వచ్చిన ఒక పాత సి డ్రైవర్‌లో ఇదే జరిగింది. డిస్క్రిప్టర్లు (చేయాల్సిన పని వివరాలుండే నమోదులు) నింపి, ఆ తర్వాత అటామిక్ సెట్‌తో సిద్ధం అనే జెండాను ఒకటి చేశారు. ఎక్స్86 ప్రాసెసర్ రాతల వరుస తప్పనివ్వదు కాబట్టి అక్కడ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆర్మ్64 బోర్డు మీద మాత్రం రెండో కోర్‌కు అప్పుడప్పుడు జెండా కొత్తగానూ డిస్క్రిప్టర్ పాతగానూ కనిపించేది. ఇంటికి వెల్ల వేయకముందే గుమ్మానికి టు-లెట్ బోర్డు వేలాడదీసినట్టు అన్నమాట. రస్ట్‌లోకి మార్చేటప్పుడు స్టోర్ అని రాయగానే ఆర్డరింగ్ ఏదో చెప్పమంది. చెప్పకుండా ముందుకు కదలనివ్వదు. చెప్పవలసి రావడంతోనే ఇక్కడ రిలీజ్ కావాలి, అవతల చదివేచోట అక్వైర్ కావాలి అన్న చర్చ మా రివ్యూలో మొదలైంది. సి లో ఆ చర్చకు తావే లేకుండా పోయింది.

జెనరిక్ కావడం వల్ల ఒరిగేదేమిటి? ఒక్కో సైజుకు ఒక్కో టైపు రాసే బాధ తప్పడం చిన్న లాభం. పెద్ద లాభం అర్థానికి టైపు దొరకడం. మా డ్రైవర్‌లో పరికరం స్థితిని ఖాళీ, నడుస్తోంది, ఆగిపోతోంది, చచ్చింది అని నాలుగు రకాల ఈనమ్‌గా (పేరున్న కొన్ని విలువలే తీసుకునే టైపుగా) రాసుకున్నాం. దాని లోపలి రూపం 32 బిట్ల పూర్ణాంకం అని చెప్పి అటామిక్ టైప్ ట్రెయిట్‌ను (టైపు ఏమేం చేయగలదో చెప్పే ఒప్పందాన్ని) అమలు చేస్తే చాలు, లోడ్, స్టోర్, ఎక్స్‌ఛేంజ్, కంపేర్ ఎక్స్‌ఛేంజ్ అన్నీ ఆ ఈనమ్ మీదే పనిచేస్తాయి. కూడిక మాత్రం చేయలేం, ఎందుకంటే కూడికకు వేరే ట్రెయిట్ పెట్టారు. స్థితికి ఒకటి కలపడం అనే అర్థంలేని పని ఇక ఎవరూ చేయలేరు. సి లో ఇవే నాలుగు స్థితులు మామూలు అటామిక్ పూర్ణాంకంలో కూర్చునేవి, ఎవరైనా ఏ అంకెనైనా పెట్టగలిగేవారు.

కంపేర్ ఎక్స్‌ఛేంజ్ (ఉన్న విలువ అనుకున్నదే అయితేనే కొత్తది రాసే పని) తిరిగిచ్చే తీరు కూడా బాగుంది. పాత విలువ ఇచ్చి మీరే పోల్చుకోండి అనకుండా రిజల్ట్ ఇస్తుంది: గెలిస్తే పాత విలువ, ఓడితే అప్పుడున్న విలువ. ఆ ఫలితాన్ని పట్టించుకోకపోతే కంపైలర్ హెచ్చరిస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోర్ లైబ్రరీలో గెలుపుకూ ఓటమికీ రెండు ఆర్డరింగులు అడుగుతారు, ఇక్కడ ఒక్కటే. ఓడిపోయినప్పుడు ఏ ఆర్డరింగూ ఉండదు, కెర్నెల్ నియమమే అది. ఓటమి దారిలో అవతలి కోర్ రాసిన డేటాను చదవాలనుకుంటే విడిగా ఏర్పాటు చేసుకోవాలి. కోర్ లైబ్రరీకి అలవాటు పడినవారు ఇక్కడే తడబడటం చూశాను.

లోట్లు లేకపోలేదు. ట్రెయిట్ అన్‌సేఫ్. సైజు, అలైన్‌మెంట్ సమానంగా ఉన్నాయని కంపైలర్ చూడగలదేమో కానీ, లోపలి పూర్ణాంకం తిరిగి ఈనమ్ అయినప్పుడు చెల్లుతుందన్న పూచీ రాసేవారిదే. అందుకే మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: సి వైపు నుంచి కూడా రాయగలిగే ఫీల్డు అయితే ఈనమ్ వాడం, పూర్ణాంకంగా చదివి పరీక్షించి మార్చుకుంటాం. సి కోడు అక్కడ పొరపాటున 7 రాస్తే, నాలుగే విలువలున్న ఈనమ్‌కు అది అనిర్వచిత ప్రవర్తన అవుతుంది మరి. మొదటి విడతలో అంకగణితం కూడికకే పరిమితం కావడం ఇంకో లోటు. బిట్లతో పనిచేసే డ్రైవర్ రాసేవాడికి అండ్, ఆర్ కావాలి. అవి లేకపోతే కంపేర్ ఎక్స్‌ఛేంజ్ చుట్టూ లూపు రాసుకోవాలి. సి లోని ఇన్‌లైన్ ఫంక్షన్లను రస్ట్ నేరుగా పిలవలేదు కాబట్టి మధ్యలో సహాయక ఫంక్షన్ ఒకటి ఉంటుంది. మామూలు బిల్డులో ప్రతి అటామిక్‌కూ ఒక ఫంక్షన్ పిలుపు ఖర్చవుతుంది. మా డ్రైవర్లో స్థితి మార్పులకు అది లెక్కలోకి రాదు. ప్యాకెట్ ప్యాకెట్‌కూ తాకే లెక్కింపులకైతే అటామిక్ వాడకుండా పర్-సీపీయూ లెక్కలే (ఒక్కో కోర్‌కు విడి లెక్క) పెట్టుకోవడం మేలు, అది సి లోనూ చెప్పే సలహానే.

పనిముట్ల వైపు ఇంకా పని మిగిలి ఉంది. రస్ట్ కోడును పరీక్షించే మీరీ అనే పనిముట్టు రస్ట్ సొంత మోడల్‌నే ఎరుగుతుంది, కెర్నెల్ మోడల్‌ను ఎరగదు. కెర్నెల్ మోడల్ తెలిసిన హెర్డ్7 అనే పనిముట్టు సి లిట్మస్ పరీక్షలను (కోర్ల మధ్య వరుసను పరీక్షించే చిన్న కోడు ముక్కలను) చదువుతుంది. అందువల్ల రెండు కోర్ల మధ్య కొత్త ఒప్పందం ఏది రాయాల్సి వచ్చినా ముందు దాన్ని సి లో చిన్న లిట్మస్ పరీక్షగా రాసి, హెర్డ్7తో నడిపి, ఆ తర్వాతే రస్ట్‌లోకి దించుతున్నాం. రెండు వైపులా నియమాలు ఒకటే కావడం వల్ల ఆ పరీక్షలోని వరుసలు మా డ్రైవర్ కోడులో ఒక్కొక్కటిగా అలాగే కనిపిస్తాయి, రివ్యూ చేసేవారు రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరుచుకుని సరిపోల్చుకుంటున్నారు.