ఎల్‌ఎన్‌సీఎస్, ఐఈఈఈ: కాన్ఫరెన్స్ పేపర్ తుది ప్రతిలో తేడాలు

కాన్ఫరెన్స్ పేపర్లను అచ్చువేసే స్ప్రింగర్ సంస్థ ఎల్‌ఎన్‌సీఎస్ (లెక్చర్ నోట్స్ ఇన్ కంప్యూటర్ సైన్స్) సంపుటాలు 1973లో మొదలయ్యాయి. పేజీకి ఒకే కాలమ్, అక్షరాలు పట్టే చోటు 12.2 × 19.3 సెం.మీ. మాత్రమే. ఇంజినీర్ల సంఘమైన ఐఈఈఈది రెండు కాలమ్‌ల పెద్ద పేజీ. ఐఈఈఈలో 6 పేజీల్లో సరిపోయిన పేపర్ ఎల్‌ఎన్‌సీఎస్‌లో దాదాపు రెట్టింపవుతుంది. వెడల్పాటి పట్టికలను విడగొట్టక తప్పదు. పొడవైన సమీకరణాలకు మాత్రం ఒకే కాలమ్ ఉన్న పేజీయే హాయి.

అసలు చిక్కులు తుది ప్రతి (పేపర్ ఆమోదం పొందాక అచ్చుకు ఇచ్చేది) దగ్గర వస్తాయి. ఐఈఈఈలో మీరిచ్చిన పీడీఎఫే యథాతథంగా వెళ్తుంది. అందుకే పీడీఎఫ్ ఎక్స్‌ప్రెస్ (ఫైళ్లను పరీక్షించే ఐఈఈఈ ఆన్‌లైన్ సాధనం) తనిఖీ అంత గట్టిగా ఉంటుంది. ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది ఫాంట్ల వల్లే, అదీ గ్రాఫుల్లోనివి. గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా టైప్ 3 ఫాంట్లు పెడుతుంది, ఈ తనిఖీ వాటిని ఒప్పుకోదు. దాని సెట్టింగుల్లో ‘పీడీఎఫ్.ఫాంట్‌టైప్’ (pdf.fonttype) విలువను 42కు (ట్రూటైప్ ఫాంట్లకు) మార్చి బొమ్మలన్నీ మళ్లీ తీయండి. పేజీ సంఖ్యలు వేయకండి.

స్ప్రింగర్‌కు పీడీఎఫ్ ఒక్కటే చాలదు. లేటెక్ లేదా వర్డ్ మూల ఫైళ్లు, బొమ్మలతో సహా జిప్ చేసి పంపాలి. వాళ్లు మళ్లీ పేజీలు కూర్చి ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసే ప్రతి) పంపుతారు, అందులో సమీకరణాలు తప్పక సరిచూడండి. లైసెన్స్ పత్రంపై సంతకమయ్యాక రచయితల పేర్లు, వరుస మారవు.

ఐఈఈఈలో ఇంకో ముప్పుంది: కాన్ఫరెన్స్‌లో పేపర్ గురించి ప్రసంగించడానికి రచయితల్లో ఎవరూ రాకపోతే దాన్ని ఎక్స్‌ప్లోర్‌లో (ఐఈఈఈ ఆన్‌లైన్ గ్రంథాలయంలో) చేర్చకపోవచ్చు. వీసా అనుమానమైతే నిర్వాహకులకు ముందే రాయండి.