మిషిగన్, ఫ్లోరిడా: శాతం ఒకటే, ఫలితాలు రెండు

అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలని ఈ రెండు అమెరికా రాష్ట్రాల పౌరులు సంతకాలు సేకరించి మరీ ప్రతిపాదనను బ్యాలెట్ ఎక్కించారు. 2022 నవంబరులో మిషిగన్‌లో దాదాపు 57 శాతం అనుకూలంగా ఓటేశారు, గెలిచింది. 2024 నవంబరులో ఫ్లోరిడాలోనూ 57 శాతమే, కానీ ఓడింది. మిషిగన్‌లో సగానికి మించితే చాలు. ఫ్లోరిడాలో 60 శాతం రావాలి. విడ్డూరమేమిటంటే, 2006లో ఆ 60 శాతం నిబంధన తెచ్చిన ఓటింగులో దానికే 58 శాతం లోపు వచ్చాయి!

అలాగని మిషిగన్‌లో నల్లేరు మీద బండి నడకేమీ కాదు. కావలసిన సంతకాలు 4,25,059. ఇచ్చినవి ఏడున్నర లక్షలు. అయినా పిటిషన్ పత్రంలో పదాల మధ్య ఖాళీలు లేవని, అక్షరాలన్నీ అతుక్కుపోయాయని ప్రత్యర్థులు పేచీ పెట్టారు. ఇంత చిన్న సాకుతో ఇన్ని లక్షల మంది సంతకాలను పక్కన పెట్టవచ్చా? నలుగురు సభ్యుల ఎన్నికల బోర్డు చెరిసగంగా చీలింది. చివరకు రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశించాకే ప్రతిపాదన ఓటర్ల ముందుకు వచ్చింది.

ఫ్లోరిడాలో సంతకాల లక్ష్యం ఇంకా పెద్దది, సుమారు 8.9 లక్షలు. అదీ దాటారు. అక్కడ గర్భం ఆరు వారాలు దాటాక అబార్షన్‌పై ఉన్న నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. మిషిగన్‌లో 1931 నాటి నిషేధ చట్టాన్ని 2023లో రద్దు చేశారు.