గిన్నె ఖాళీ అయ్యే హోటళ్లు: హైదరాబాద్‌లో నేను మళ్లీ మళ్లీ వెళ్లే చోట్లు

హైదరాబాద్‌లో ఎక్కడ ఏది బాగుంటుందని బంధువులు, స్నేహితులు అడిగినప్పుడల్లా నేను హోటల్ పేరు కంటే ముందు ఏ వేళకు వెళ్లాలో చెబుతాను. ఈ నగరంలో చాలా ఏళ్లుగా బయట తింటున్న నాకు గట్టిగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. వండింది అయిపోగానే ఇక లేదని నిస్సంకోచంగా చెప్పే హోటల్‌ను నమ్మవచ్చు. మెనూ ఎంత పొడుగ్గా ఉన్నా, ఏసీ గది ఎంత చల్లగా ఉన్నా, పొద్దున పదకొండింటికి పెట్టిన కూరనే రాత్రి పదకొండింటికీ పెట్టే చోటికి నేను ఊరి నుంచి వచ్చినవారిని తీసుకెళ్లను. కింద చెప్పే చోట్లలో చాలావరకు ఆ ఒక్క గుణాన్ని బట్టి ఎంచుకున్నవే. చిరునామాలు, ధరలు, పార్కింగ్ వివరాలు అందరికీ ఫోన్లోనే దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ఉదయం నహారీకి నయాపూల్ దగ్గరి నయాబ్ నా మొదటి ఎంపిక. నహారీ రాత్రంతా సన్నని సెగ మీద ఉడకవలసిన వంటకం. కాళ్లు, నాలుక, ఎముకల ముక్కలు ఉడికి ఉడికి వాటిలోని జిగురంతా పులుసులోకి దిగుతుంది కనుక, కుల్చా ముంచుకుని నాలుగు ముద్దలు తినేసరికి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తెల్లవారిన తరువాత పొయ్యి మీద ఉన్నకొద్దీ నీరు ఇగిరి ఉప్పు తేలుతుంది. దాన్ని సర్దడానికి వేడినీళ్లు పోస్తే పైన తేరిన ఎర్రని నూనె పొర చెదిరిపోయి, రాత్రంతా పడిన శ్రమ పలచబడిపోతుంది. అందుకే ఏడు గంటలలోపు అక్కడ ఉండాలంటాను. ఆ వేళకు నిమ్మచెక్క పిండుకుని తింటే, మసాలా ఘాటు కంటే ముందు మాంసపు తీపి నాలుకకు తెలుస్తుంది. ఓపిక ఉన్నవారు పురానీ హవేలీ వైపు దొరికే చార్‌కోనీ నాన్ వేడివేడిగా కొని తెచ్చుకుంటే, ఆ నాలుగు మూలల రొట్టె అంచు కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉండి పులుసును బాగా పీల్చుకుంటుంది. అక్కడి నుంచి చార్మినార్ పక్కనున్న నిమ్రా కేఫ్‌కు నడిచి వెళ్లి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ తీసుకోవడంతో ఉదయం పూర్తవుతుంది. డికాక్షన్ వేరుగా, చిక్కగా మరిగిన పాలు వేరుగా ఉంచి కప్పులో కలిపే ఆ చాయ్‌కి జనం రద్దీయే రక్ష, ఎందుకంటే అంత గిరాకీ ఉన్నచోట డికాక్షన్ చేదెక్కే దాకా నిలవ ఉండదు.

బిర్యానీ విషయంలో ప్యారడైజా, బావర్చీనా, కేఫ్ బహారా అన్న వాదనకు నేను దిగను. షాదాబ్ నాకు ఇష్టం, అంతవరకే చెబుతాను. అన్నిచోట్లా పనికివచ్చే విషయం వేరే ఉంది. కచ్చీ దమ్ బిర్యానీలో పచ్చి మాంసం మసాలాలో నాని, దాని మీద సగం ఉడికిన బియ్యం పరచుకుని, మూత అంచు పిండితో మూసుకున్న డేగ్ అనే పెద్ద వంటపాత్రలో రెండూ కలిసి పాకానికి వస్తాయి. మూత తీసిన తొలి అరగంటలో అడుగు మెతుకు మసాలాతో తడిగా, పై మెతుకు తెల్లగా విడివిడిగా ఉంటుంది. డేగ్ సగమై సెగ మీదే కూర్చుంటే అడుగు ఎండుతుంది, పైది చల్లారుతుంది. ఒకే హోటల్‌లో ఒకే రోజు తిన్న ఇద్దరు ఒకరు ఆహా అని, ఒకరు పెదవి విరిచి రావడానికి చాలాసార్లు కారణం ఇదే. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వెళ్లి, కొత్త డేగ్ తెరిచారా అని కౌంటర్‌లో మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత దాని పేరు దేశమంతా తెలిసింది గానీ, నేను రంజాన్ నెలలో తప్ప తినను. ఇటుకలతో కట్టిన భట్టీలో కట్టెల సెగ మీద గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడుకుతుంటే, ఇద్దరు మనుషులు పొడవాటి కర్రలతో దంచి దంచి పీచు కనిపించకుండా చేస్తారు. సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు మొదలై రాత్రికి భట్టీ అడుగు కనిపించే ఆ నెలలో రుచి వేరు. ఏడాది పొడవునా డబ్బాలో వచ్చేదానికి అంత నిండుదనం నాకు తగలలేదు. నిజాం కాలంలో సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఇప్పటికీ నివసించే బార్కస్‌కు వెళ్తే, హలీమ్‌కు పూర్వరూపమైన హరీస్‌నూ, గుంతలో కాల్చిన మాంసంతో చేసే మందీనీ చూడవచ్చు. మందీలో మాంసం నుంచి కారే రసమూ కొవ్వూ కింద ఉన్న అన్నంలోకి దిగాలి. ఆ అన్నాన్ని విడిగా వండి పైన ముక్క పెట్టి ఇచ్చే చోట్లు నగరంలో పెరిగాయి కనుక, ముక్క తీయకముందే కింది మెతుకు ఒకటి నోట్లో వేసుకుని చూసుకోవడం మంచిది.

తెలంగాణ వంటకు నేను పెద్ద హోటల్ పేరు చెప్పలేను. సాయంత్రం ఆరు దాటాక చాలా పేటల్లో రోడ్డు పక్కన ఆడవాళ్లు జొన్నరొట్టెలు చేస్తుంటారు. వేడినీళ్లతో కలిపిన పిండి ముద్దను చేత్తో తట్టి, గుండ్రంగా పలచగా సాగదీసి, పెనం మీద వేయగానే తడిగుడ్డతో పైన ఒకసారి తుడుస్తారు. ఆ తడి ఆరేలోగా తిప్పితే రొట్టె పొంగుతుంది, ఆలస్యమైతే పగులుతుంది. పిండి అయిపోతే పెనం దించేస్తారు, అంతే. ఆ రొట్టెలు ఇంటికి తెచ్చుకుని నాటుకోడి కూరతో గానీ, ఎల్లిపాయ కారంతో గానీ, పక్కన పచ్చిపులుసు పెట్టుకుని గానీ తింటే అంతకు మించిన రాత్రి భోజనం నాకు ఈ నగరంలో లేదు.

ఇక నేను ఎక్కువగా మనసు పెట్టుకున్నది, ఎక్కువగా బాధపడిందీ ఆంధ్రా భోజనం విషయంలో. అమీర్‌పేట వైపు ఒక మెస్ ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పటికీ ఆ మనుషుల మీద నాకు గౌరవం ఉంది. పది బల్లలు, అరిటాకు, మధ్యాహ్నం మాత్రమే భోజనం. మా అమ్మది తెనాలి దగ్గరి పల్లె. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు ఒకరోజు ఆసుపత్రి పని ముగించుకుని అక్కడికి వెళ్లేసరికి రెండున్నర దాటింది. క్యాష్ కౌంటర్‌లో ఉన్న పెద్దాయన టోకెన్ ఇవ్వకుండా, "అమ్మా, పప్పూ కూరా అయిపోయాయి. అన్నం, చారు, పెరుగు ఉన్నాయి. వాటికి మీల్స్ డబ్బులు తీసుకోవడం న్యాయం కాదు. ఆకలి మీదుంటే కూర్చోండి, ఉన్నది పెడతాం" అన్నాడు. మేము కూర్చున్నాం. కందిపొడి, నెయ్యి, ఊరమిరపకాయ, అప్పటికప్పుడు దంచిన మిరియాలు, జీలకర్ర వాసనతో పొగలు కక్కే చారు, గడ్డపెరుగు వచ్చాయి. అమ్మ మారు వడ్డించుకుని, చివరకు చారు ఆకులో పోయించుకుని తాగింది. సగం డబ్బులే తీసుకున్నారు. బయటికి వచ్చాక అమ్మ, "పొద్దున్నది మళ్లీ వేడిచేసి పెట్టలేదు చూశావా, అది పెద్ద విషయంరా" అంది. తరువాత ఆమె వచ్చినప్పుడల్లా అక్కడికే తీసుకెళ్లేవాణ్ని, తెలిసిన వారందరికీ ఆ మెస్ గురించే చెప్పేవాణ్ని.

కొంతకాలానికి వాళ్లు పక్క దుకాణం కూడా తీసుకున్నారు. ఉదయం పదకొండు నుంచి రాత్రి పదకొండు వరకు మీల్స్ దొరుకుతాయని బోర్డు పెట్టారు. గుమ్మం దగ్గర పార్శిల్ కోసం డెలివరీ అబ్బాయిలు వరుసగా నిలబడడం మొదలైంది. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి వెళ్తే పప్పు వచ్చింది. పైన నెయ్యి వాసన, కమ్మని తాలింపు వాసన ఉన్నాయి. కానీ వేలితో కలిపి చూస్తే పైన పచ్చగా మెరిసే కరివేపాకు, అడుగున నల్లబడి మెత్తబడిన కరివేపాకు, రెండూ కనిపించాయి. ఒకే పప్పులో రెండు తాలింపులు. ఉదయం వండిన పప్పు గట్టిపడితే నీళ్లు పోసి ఉడికించి, మళ్లీ తాలింపు వేశారన్నమాట. ఎండుమిరపకాయ కొరికితే విరగలేదు, నారలా సాగింది. గోంగూర పచ్చడికి ఏమీ కాలేదు, అది నిలవ ఉండే వస్తువు. అన్నం కూడా వేడిగానే ఉంది. పప్పు మాత్రం పులుపు చచ్చి, నీళ్లు ఒకవైపు, పప్పు ఒకవైపు అయి ఆకు మీద పారింది.

వెళ్లేటప్పుడు పెద్దాయనతో ఆ మాట నెమ్మదిగా చెప్పాను. ఆయన కాదనలేదు. "అద్దె రెండు షాపులకు కట్టాలి బాబూ. మూడింటికీ నాలుగింటికీ ఫోన్లో ఆర్డర్లు వస్తాయి, లేదంటే రేటింగ్ పడిపోతుంది. రెండుసార్లు వండాలంటే ఇంకో వంటమనిషి కావాలి, దొరకడం లేదు" అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అయినా అరటాకు ముందు కూర్చున్నవాడికి ఆ లెక్కలు తెలియవు. వాడికి తెలిసేది పప్పు రుచి ఒక్కటే. నేను ఇప్పటికీ అక్కడికి వెళ్తాను గానీ, పన్నెండున్నరలోపు మాత్రమే. ఆ వేళకు ముద్దపప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు పాత రోజుల్లాగే ఉంటాయి. అమ్మను తీసుకెళ్లడం మాత్రం మానేశాను. ఇంతకుముందు నా మాట విని అక్కడికి ఏ వేళకైనా వెళ్లవచ్చనుకున్నవారు ఈ సవరణను గమనించాలి.

ఈ కొలతకు లొంగని చోట్లు కూడా ఉన్నాయి. చైనీస్ భోజనంలో ముక్కలు తరిగి సిద్ధంగా ఉంచుకుని, అడిగినప్పుడే పెద్ద మంట మీద కడాయిలో వేయించి ఇస్తారు కనుక వేళతో పేచీ లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని నాన్‌కింగ్ వంటి పాత హోటల్‌కు రాత్రి ఆలస్యంగా వెళ్లినా నాకు తేడా కనిపించలేదు. దోసెకూ అదే వర్తిస్తుంది, పెనం ముందు నిలబడి తినేవాడికి నిలవ భయం ఉండదు. నాంపల్లిలో తెల్లవారుజామునే మొదలయ్యే రామ్ కీ బండి దగ్గర వెన్న దోసె తిన్నవారికి ఈ మాట వివరించనక్కరలేదు. చట్నీ సంగతి వేరు. కొబ్బరి చట్నీ ఎండాకాలంలో రెండు మూడు గంటలకే పులుస్తుంది కాబట్టి, మే నెలలో పదిన్నర దాటాక ఏ టిఫిన్ సెంటర్‌లోనైనా అల్లం పచ్చడే అడుగుతాను.

ఇదంతా నా పరిస్థితులకు సరిపోయిన ఎంపిక అని కూడా చెప్పాలి. నేను సికింద్రాబాద్ వైపు ఉంటాను, పొద్దున్నే లేస్తాను, మధ్యాహ్నం ఒక గంట బయటికి వెళ్లగలిగే ఉద్యోగం నాది, కారం ఎంతైనా పడుతుంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో రాత్రి పది దాటాక గానీ కంప్యూటర్ ముందు నుంచి లేవలేనివారికి, చిన్నపిల్లలతో పాతబస్తీ దాకా వెళ్లలేనివారికి ఈ జాబితాలో సగం పనికిరాదు. అటువంటివారికి అడిగాక వండే వంటలే మేలు: దోసె, ఆమ్లెట్, కాల్చిన చేప, వేయించిన నూడిల్స్. పప్పూ పులుసూ తినాలనిపిస్తే ఆదివారం మధ్యాహ్నం కాకుండా, ఏ మంగళవారమో బుధవారమో పన్నెండింటికి సెలవు దొరికిన రోజున వెళ్లమంటాను. ఆదివారం రద్దీకి ముందురోజే వండి పెట్టుకునే చోట్లు కూడా ఉన్నాయని నాకు అనుమానం. హోటల్ కొత్తదైతే కూర్చోగానే మెనూ అడగకుండా, ఈ పూట ఏం వండారో సర్వర్‌ను అడగండి. తడుముకోకుండా రెండు మూడు పేర్లు చెబితే అవే తెప్పించుకోండి.