రెడ్‌బ్యాక్‌కు స్ప్రేనా, పొడుగు కాళ్ల సాలీడా?

ఆస్ట్రేలియాలో కాపురం పెట్టిన మనవాళ్లు తప్పక గుర్తుపట్టాల్సిన సాలీడు రెడ్‌బ్యాక్. ఆడది నల్లగా, వీపు మీద ఎర్ర చారతో ఉంటుంది. షెడ్డు, పోస్టు డబ్బా, ఆరుబయట వదిలేసిన బూట్లు దానికి ఇష్టమైన చోట్లు. కాటు నొప్పి గంటల తరబడి వదలదు. విరుగుడు మందు 1956లోనే వచ్చింది కాబట్టి చావు మాత్రం చాలా అరుదు.

దీన్ని వదిలించుకోవడానికి మొదటి దారి పురుగుల మందు స్ప్రే. నేరుగా మీద పడితే చస్తుంది, సందేహం లేదు. గోడలకు ముందుగా కొట్టి ఉంచితే మాత్రం ఫలితం అంతంతే. సాలీడు బొద్దింకలా ఒళ్లు నేలకు ఆనించి పోదు, కాళ్ల కొసల మీద నడుస్తుంది; మందు అంటేది తక్కువ. పైగా గుడ్ల సంచికి పట్టు పొర కాపలా. ఒక్కో సంచిలో రెండు వందలకు పైగా గుడ్లుండొచ్చు. దాన్ని తీసి నలిపేయకపోతే పని సగమే అయినట్టు.

ఇక రెండోది పొడుగు కాళ్ల సాలీడు, మనం బూజుకర్రతో దులిపేసే సన్నకాళ్ల సాలీడు లాంటిదే. చూడ్డానికి ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది గానీ, రెడ్‌బ్యాక్‌ను చంపి తింటుంది. దూరంగా నిలబడి, పొడవాటి వెనక కాళ్లతో దారం విసిరి చుట్టేస్తుంది. కట్టు బిగిశాకే కాటు. దీని విషం లోకంలోకెల్లా ఘోరమన్నది ఉత్త పుకారు. చిక్కల్లా ఒక్కటే: మనం చెప్పిన చోట కాపలా కాయదు, బూట్లలోకి తొంగి చూడదు.

బయట బూట్లు దులిపే తొడుక్కోవాలి, కనబడినదానికి స్ప్రే. పొడుగు కాళ్లది అల్లుకున్న గ్యారేజీ మూల బూజు జోలికి మాత్రం నేను పండగకైనా పోను.