ఏఎమ్4లోనే ఉండాలా, ఏఎమ్5కి మారాలా, ఎల్‌జీఏ 1700 కొనాలా?

ఏ ప్రాసెసర్ కొనాలని ఎవరైనా సలహా అడిగితే, నేను ముందు వారి దగ్గర ఉన్న మదర్‌బోర్డు ఏదో అడుగుతాను. దాని మీది ర్యామ్ డీడీఆర్4 రకమా, డీడీఆర్5 రకమా అని కూడా అడుగుతాను. ఆ రెండూ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. ప్రాసెసర్‌ను ఎప్పుడైనా తీసి మార్చుకోవచ్చు. ప్రాసెసర్ కూర్చునే గూడు, అంటే సాకెట్, మాత్రం బోర్డులో భాగం. పైన చెప్పిన వాటిలో ఏఎమ్4, ఏఎమ్5 ఏఎమ్‌డీ ప్రాసెసర్ల సాకెట్లు, ఎల్‌జీఏ 1700 ఇంటెల్‌ది. అది మారాలంటే బోర్డే మారాలి, చాలాసార్లు దానితో పాటు ర్యామ్ కూడా మారాలి.

ముందుగా ఏఎమ్4 గురించి చెబుతాను, ఎందుకంటే ఇప్పటికే కంప్యూటర్ ఉన్నవారిలో చాలామందికి సరైన జవాబు అక్కడే దొరుకుతుంది. 2017 మార్చిలో ఏఎమ్‌డీ తొలి రైజెన్ ప్రాసెసర్లు వచ్చినది ఈ సాకెట్‌తోనే. 2020లో వచ్చిన రైజెన్ 5000 వరుస కూడా ఇందులోనే కూర్చుంటుంది. 2018లో బీ450 బోర్డు, రైజెన్ 5 2600 కొన్నవారు ఈరోజు ఆ బోర్డునూ, ర్యామ్‌నూ మార్చకుండా రైజెన్ 7 5700ఎక్స్3డీ వేసుకోవచ్చు. ఆరు కోర్లు ఎనిమిదవుతాయి, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెరుగుతుంది. ఆటలు ఆడేవారికి ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఒక్క భాగం మార్చి ఇంత ప్రయోజనం పొందిన సందర్భాలు డెస్క్‌టాప్ చరిత్రలో చాలా తక్కువ.

అయితే ఒక క్రమం తప్పకూడదు. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్‌ను (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) కొత్త వెర్షన్‌కు మార్చుకోవాలి. పాతది తీసేసి అమ్మేశాక కొత్తది పెట్టి చూస్తే తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు ఇంకొకరి ప్రాసెసర్ అరువు తెచ్చుకోవలసి వస్తుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే బటన్ కొన్ని బోర్డులకు ఉంటుంది, అన్నింటికీ ఉండదు. ఇంకో సంగతి: తొలినాళ్ల ఏఎమ్4 బోర్డులలో చాలావాటికి బయోస్ చిప్ 16 ఎంబీ మాత్రమే. కొత్త ప్రాసెసర్లకు చోటు చేయడానికి కొన్ని కంపెనీలు పాతవాటికి సంబంధించిన కోడ్ తీసేశాయి. అందుకే బోర్డు తయారీదారు పేజీలో ప్రాసెసర్ల జాబితా చూసి, మీ బోర్డు పేరు ఎదుట ఏ బయోస్ వెర్షన్ రాసి ఉందో సరిచూసుకున్నాకే డబ్బు పెట్టండి.

సాకెట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని నమ్మకూడదు. దీనికి ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సాకెట్‌ను మించిన ఉదాహరణ లేదు. 2015లో స్కైలేక్ తరం ప్రాసెసర్లు దానితో వచ్చాయి. 2017 అక్టోబరులో కాఫీ లేక్ తరం కూడా అదే పేరున్న సాకెట్‌తో వచ్చింది. అయినా కాఫీ లేక్‌కు 300 సిరీస్ చిప్‌సెట్ (మిగతా భాగాలను ప్రాసెసర్‌తో కలిపే, బోర్డులోని చిప్) ఉన్న బోర్డు కావలసి వచ్చింది, 100, 200 సిరీస్ బోర్డుల మీద దానికి మద్దతు లేదు. అందుకే సాకెట్, చిప్‌సెట్, బయోస్ మూడూ కలిశాయో లేదో చూడాలి.

ఇక మొదటిసారి కొత్తగా అసెంబుల్ చేయించేవారి సంగతి. పాత ర్యామ్, పాత బోర్డు ఏమీ లేకపోతే నా ఓటు ఏఎమ్5కే. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000తో మొదలైన ఈ సాకెట్‌లో రైజెన్ 8000జీ, 9000 వరుసలు కూడా నడుస్తున్నాయి. 2027 వరకు, ఆ తరువాత కూడా దీనికి మద్దతు ఇస్తామని ఏఎమ్‌డీ ప్రకటించింది. ఏఎమ్4 విషయంలో వారు నడిచిన తీరు చూశాను కాబట్టి ఆ మాటకు నేను విలువ ఇస్తాను. ఇబ్బందల్లా ర్యామ్‌తోనే, ఏఎమ్5 డీడీఆర్5ను మాత్రమే తీసుకుంటుంది. రెండు రకాల ర్యామ్‌కూ 288 కాంటాక్టులే ఉన్నా, మధ్యలో గంటు వేరే చోట ఉంటుంది, వోల్టేజీ కూడా వేరు. మీ దగ్గర 32 జీబీ మంచి డీడీఆర్4 ఉంటే దాన్ని వదులుకోవడం చిన్న ఖర్చు కాదు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూశాక ఈ లెక్క ఇంకా బరువైంది. మరొకటి, ఏఎమ్5 కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. బోర్డు పాడైందనుకుని మధ్యలో కరెంటు తీయకండి.

ఎల్‌జీఏ 1700లో నాకు నచ్చేది ఒక్కటే: డీడీఆర్4 బోర్డులూ, డీడీఆర్5 బోర్డులూ రెండూ ఉన్నాయి. పాత ఇంటెల్ యంత్రంలోని డీడీఆర్4 ర్యామ్‌ను దీనికి తెచ్చుకోవచ్చు. కానీ 12, 13, 14 తరాల ఇంటెల్ కోర్ ప్రాసెసర్లతో ఈ సాకెట్ దారి ముగిసింది. 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200 వరుస ఎల్‌జీఏ 1851కు వెళ్లిపోయింది, అదీ డీడీఆర్5తో మాత్రమే. అందుకే ఎల్‌జీఏ 1700 కొనేవారు తరువాత మార్చుకుందాంలే అనే ఆశ పెట్టుకోకుండా, కావలసిన ప్రాసెసర్ మొదటే వేసుకోవాలి. 13, 14 తరాల ఖరీదైన రకాలలో అధిక వోల్టేజీ వల్ల ప్రాసెసర్ దెబ్బతినే లోపం బయటపడింది. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ సవరణ బాగుచేయదు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఆ రెండు తరాల ఐ7, ఐ9 కొనమని నేను ఎవరికీ చెప్పను. 12వ తరం ఐ5 అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ భాగం ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి.

ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ల విషయం క్లుప్తంగా. ఏఎమ్4 కూలర్లలో బోర్డుతో వచ్చిన వెనుక పలకకే బిగించేవి ఏఎమ్5కీ సరిపోతాయి, సొంత పలకతో వచ్చేవి సరిపోవు. ఇంటెల్ వైపు ఎల్‌జీఏ 1151 వంటి పాత సాకెట్లలో కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700లో 78. పాత కూలర్‌కు కొత్త బిగింపు కిట్ కావాలి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, వాడిన బోర్డు చేతికి వచ్చాక ముందు సాకెట్ మూత తెరిచి ఫోను టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. ఏఎమ్5లోనూ ఇంటెల్‌లోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. అన్నీ ఒకే వరుసలో మెరవాలి, ఒక్కచోట మెరుపు తేడాగా కనిపించినా ఆ బోర్డు వద్దు. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ను నేరుగా పైకి లాగితే థర్మల్ పేస్టు (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే జిగట పదార్థం) అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి పేస్టు వెచ్చబడనివ్వండి, ఆపి ప్లగ్ తీయండి, కూలర్ బిగింపు విప్పి, దాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పి, ఆ తరువాతే ఎత్తండి.