మరుగునపడ్డ విండో: దాచుకోవాలా, మళ్లీ గీయాలా? ఏది మేలు?

ఒక విండో మీదికి మరొకటి వచ్చి, కాసేపటికి పక్కకు జరిగింది. కింద ఉన్న బొమ్మ ఎక్కడి నుంచి తిరిగి రావాలి?

యునిక్స్ కంప్యూటర్ల తెర మీద విండోలను చూపే వ్యవస్థ ఎక్స్. 1987లో వచ్చిన దాని 11వ వెర్షన్ (ఎక్స్11) ఆ భారాన్ని ప్రోగ్రాము మీదే పెట్టింది. బయటపడిన దీర్ఘచతురస్రాల కొలతలతో సర్వర్ (తెరను నడిపే ఎక్స్ భాగం) ఎక్స్‌పోజ్ ఈవెంట్లు, అంటే ‘ఈ చోటు బయటపడింది’ అనే సందేశాలు పంపుతుంది, గీసుకోవాల్సింది ప్రోగ్రామే. అప్పటి లెక్క చూస్తే ఇది సబబే. సన్ 3/50 అనే అప్పటి వర్క్‌స్టేషన్‌లో మొత్తం మెమరీ 4 ఎంబీ. 1152×900 నలుపు-తెలుపు తెరకే సుమారు 130 కేబీ కావాలి. మూసుకుపోయిన ప్రతి విండోకీ నకలు ఉంచే స్థోమత ఎక్కడిది?

ఈ పద్ధతికి మెమరీ పెద్దగా అక్కర్లేదు, కానీ జాగ్రత్త కావాలి. ఒకే మార్పుకు అయిదారు ఎక్స్‌పోజ్‌లు రావచ్చు. ప్రతిదానికీ విండో మొత్తం గీస్తే తెర అదురుతుంది. దీర్ఘచతురస్రాలను కూడబెట్టి, కౌంట్ విలువ (ఇంకా రావాల్సిన ఎక్స్‌పోజ్‌ల లెక్క) సున్నా అయ్యాకే గీయాలి. విండోస్‌లో ఇదే పని డబ్ల్యూఎం_పెయింట్ అనే సందేశానిది. అక్కడ బిగిన్‌పెయింట్ ఫంక్షన్‌ను పిలవకుండా వదిలేస్తే, ఆ ప్రాంతం ఇంకా చెల్లనిదిగానే (మళ్లీ గీయాల్సినదిగానే) ఉండి, అదే సందేశం ఆగకుండా వస్తుంది. ప్రాసెసర్ ఊరికే తిరుగుతుంది.

ఎక్స్‌లో బ్యాకింగ్ స్టోర్ అడగవచ్చు: సర్వరే నకలు ఉంచుతుంది. దీన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. అది వినతి మాత్రమే, హామీ కాదు. సర్వర్ ఎప్పుడైనా మానేయవచ్చు. ఎక్స్‌పోజ్ కోడ్ రాయని ప్రోగ్రాములో ఆ రోజు ఖాళీ విండో కనిపిస్తుంది. మెనూలకు ఉద్దేశించిన సేవ్ అండర్ (మెనూ కింద మూసుకుపోయే చోటును దాచమని సర్వర్‌ను కోరడం) సంగతి వేరు. చిన్న చోటు, కొద్ది క్షణాలు, అడిగితే లాభమే. విండోస్‌లో సీఎస్_సేవ్‌బిట్స్ అలాంటిదే.

పటం, పెద్ద గ్రాఫు లాంటివి గీయడానికి సమయం పడితే మాత్రం సొంత పిక్స్‌మ్యాప్ (తెర మీద కనిపించకుండా మెమరీలో ఉండే బొమ్మ) మేలు. ఒకసారి అందులో గీసి, ఎక్స్‌పోజ్ వచ్చినప్పుడు బయటపడిన ముక్కను మాత్రమే కాపీ చేయాలి. విండో సైజు మారితే కొత్త పిక్స్‌మ్యాప్ తప్పదు. 1920×1080 విండోకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున సుమారు 8.3 ఎంబీ, 3840×2160కు 33 ఎంబీ. నాలుగు అక్షరాలున్న డైలాగుకు ఇంత ఖర్చు దండగ. నేరుగా మళ్లీ గీయడమే చవక.

కాంపోజిటర్ (విండోల బొమ్మలన్నిటినీ కలిపి తెర తయారుచేసే ప్రోగ్రాము) వచ్చాక లెక్క మారింది. 2001 నాటి మ్యాక్ ఓఎస్ ఎక్స్, తర్వాత విండోస్ విస్టా, ఎక్స్‌లో కాంపోజిట్ ఎక్స్‌టెన్షన్: అన్నిటిలోనూ ఒక్కో విండోకు ఒక్కో బఫర్ (దాని బొమ్మ ఉండే మెమరీ). పైన మరో విండో కప్పినా కింది బొమ్మ చెరగదు. అలాగని మళ్లీ గీసే కోడ్ తీసేయకూడదు. ఎక్స్‌లో విండోను తెర నుంచి తీసేస్తే (అన్‌మ్యాప్) ఆ బఫర్ పోతుంది, సైజు మారితే కొత్తది వస్తుంది. ఎక్స్ స్థానంలో వస్తున్న వేలాండ్‌లోనైతే ఎక్స్‌పోజ్ అన్నదే లేదు. ప్రోగ్రామే బఫర్ తగిలించి, మారిన చోటు చెప్పి, కమిట్ చేయాలి. కనిపించని విండోకు ఫ్రేమ్ కాల్‌బ్యాక్ (‘తర్వాతి బొమ్మ గీయవచ్చు’ అనే కబురు) రాకపోవచ్చు. దాని కోసం ప్రధాన థ్రెడ్‌ను ఆపి కూర్చోబెడితే నెట్‌వర్క్ పని కూడా నిలిచిపోతుంది.

మీ ఎక్స్ ప్రోగ్రామును పరీక్షించాలంటే, జెఫిర్‌ను (Xephyr, ఒక విండోలోనే నడిచే ఎక్స్ సర్వర్) బ్యాకింగ్ స్టోర్, కాంపోజిట్ రెండూ ఆపి నడిపి, దానిలో విండో మీద మరో విండోను అటూ ఇటూ లాగండి. ఎక్స్‌పోజ్ కోడ్‌లో ఎక్కడ లోపముంటే అక్కడ తెల్లటి చారలు, పాత బొమ్మ తునకలు మిగులుతాయి.