క్యూజీఐఎస్‌తో మొదలెట్టాలా, ఎర్త్ ఇంజిన్‌తోనా?

ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకోవాలి, దేనితో మొదలెట్టమంటారు అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ వేసుకుని లాప్‌టాప్‌తో కుస్తీ పట్టాలా, బ్రౌజర్‌లోనే నడిచే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో నాలుగు లైన్ల కోడ్ రాసి పని కానిచ్చేయాలా అన్నదే వాళ్ల సందేహం. మొన్న ఒక కాలేజీలో ఆరు వారాల తరగతి నా నెత్తిన పడ్డాక నేనూ తేల్చుకోక తప్పలేదు.

సౌకర్యం మాటకొస్తే ఎర్త్ ఇంజిన్‌కు పోటీ లేదు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక్క ముక్క (టైలు) దించుకోవాలంటే 1 జీబీ దాకా డేటా పోతుంది. పిల్లల దగ్గరుండే 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్ మీద దాన్ని తెరిచి, బ్యాండ్లు (ఒక్కో రకం కాంతికి ఒక్కో పొర) కలిపి, ఏది నీళ్లు, ఏది పైరు అని విడదీసే క్లాసిఫికేషన్‌కు పెడితే భోజనం చేసి వచ్చినా అవదు. ఎర్త్ ఇంజిన్‌లో దించుకోవడమే లేదు, లెక్కలన్నీ వాళ్ల సర్వర్ల మీదే. వ్యాపారానికి కాకపోతే ఉచితం. అమెరికా ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్ తీసిన పాత చిత్రాల నుంచి మొన్నటి సెంటినెల్ దాకా అన్నీ ఒకేచోట ఉంటాయి. 30 ఏళ్లలో ఒక చెరువు ఎంత పూడిందో చూడాలంటే అంత సులువైన దారి ఇంకోటి లేదు. జావాస్క్రిప్ట్ అంటే భయం అనేవాళ్లకు నా జవాబు: అవసరమైనంత మేరకు వారంలో పట్టుబడుతుంది.

ఇంత చెప్పి కూడా తరగతికి క్యూజీఐఎస్‌నే పెట్టాను. కారణం ఒక్కటే, తేదీ.

నా అనుభవమే చెబుతాను. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు నుంచి ఆకివీడు దాకా, నీళ్లున్న విస్తీర్ణం ఎర్త్ ఇంజిన్‌లో లెక్కగట్టాలనుకున్నాను. వానాకాలం మబ్బులు కదా, అందరూ చేసేదే నేనూ చేశాను. జులై, ఆగస్టు చిత్రాలన్నీ తీసుకుని, మబ్బులు చెరిపేసి, మిగిలినవాటికి మీడియన్, అంటే ఒక్కో పిక్సెల్‌కూ అన్ని రోజుల విలువల్లో నడిమిది, తీశాను. నీళ్లున్న పిక్సెళ్లను పట్టించే నీటి సూచిక వేశాను. రెండు నిమిషాల్లో నీలంగా, ముచ్చటైన పటం వచ్చింది. వేసవితో పోలిస్తే నీళ్లు అమాంతం పెరిగాయి. మురిసిపోయాను.

ఆ పెరిగిన నీళ్లలో చాలా భాగం దమ్ము చేసి ఊడ్చిన వరిచేలు! ఇటు సరస్సులో గుర్రపుడెక్క కమ్మేసిన చోట్లేమో పైరు లెక్కలోకి వెళ్లిపోయాయి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ను ఎరుపుగా చూపే ఫాల్స్ కలర్‌లో నీళ్లు నల్లగా, పచ్చదనం ఎర్రగా కనిపిస్తాయి. నల్లనివన్నీ నీళ్లనుకోకు అని చిన్నప్పుడు విన్న సామెత నాకే తగిలింది.

అయితే అసలు తప్పు సూచికది కాదు. మీడియన్ చిత్రంలో పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లు వేర్వేరు రోజులవి కావచ్చు. మొత్తంగా ఆ చిత్రం చూపించే రోజు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. వ్యవసాయమేమో తేదీల మీదే నడుస్తుంది. ఊడ్పులప్పుడు నీళ్లలా ఉన్న చేను నెలా నెలన్నరకల్లా ఎర్రబారుతుంది, చేపల చెరువు ఏడాది పొడవునా చెరువులాగే ఉంటుంది. ఆ తేడా చూడటమే చిత్రం చదవడం. క్యూజీఐఎస్‌లో తేదీ ఎంచుకోకుండా అడుగు పడదు. పైగా దించుకోవడానికి అంత తిప్పలు పడ్డాక ఆ ఒక్క చిత్రాన్నే గంటలకొద్దీ జూమ్ చేసి చూస్తాం. 10 మీటర్ల పిక్సెల్‌లో చేపల చెరువు గట్లు గీతల్లా కనిపిస్తాయి, వరిచేను గట్లు కనిపించవు. ఈ సంగతి నాకు అలా చూస్తూ కూర్చుంటేనే తెలిసింది. ఎర్త్ ఇంజిన్‌లోనూ ఒక్క తేదీ చిత్రం తెరవొచ్చు, కాదనను. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు తెరవగా నేను చూడలేదు.

చిత్రం చదవడమన్నది పాత మాటే. ఉపగ్రహ చిత్రాల విద్య నేర్పే, దేహ్రాదూన్‌లోని ఐఐఆర్ఎస్ 1966లో మొదలైనప్పుడు దాని పేరు ఇండియన్ ఫొటో ఇంటర్‌ప్రిటేషన్ ఇన్‌స్టిట్యూట్. ఫొటో చదవడమన్నది పేరులోనే ఉండేది.

కచ్చితత్వం శాతం చూసి మోసపోవడం రెండు చోట్లా ఉంది. ఇది వరి, ఇది చెరువు అని మనం గీసి చూపే పాలిగన్ ఒకటే తీసుకుని, దానిలోని పిక్సెళ్లను సగం శిక్షణకు, సగం పరీక్షకు వాడితే 90 దాటకపోతేనే ఆశ్చర్యం. పాఠమూ ప్రశ్నపత్రమూ ఒకటే మరి. పరీక్షకు వేరే ఊరి పాలిగన్లు పెట్టండి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలతో సరిచూసుకోండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. మబ్బుల్లోంచి చూసే సెంటినెల్-1 రాడార్‌కు స్నాప్ అనే సాఫ్ట్‌వేర్ మంచిది, మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఎర్డాస్‌ను మీ ఆఫీసువాళ్లు కొనిస్తే వాడండి. ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు సిద్ధాంతానికి బాగుంటాయి. ఇస్రో పటాల సైట్ భువన్ చూడటానికి బాగుంటుంది, విశ్లేషణ నేర్చుకోవడానికి చాలదు.

తరగతిలో మొదటి నాలుగు వారాలు క్యూజీఐఎస్సే. ఒకే టైలు, రెండు తేదీలు, ఒకటి ఊడ్పులప్పటిది, ఒకటి కోతల ముందుది. ఆగస్టులో మబ్బు లేని రోజు దొరక్కపోతే దొరికిన మేరకే చేయమన్నాను. అయిదో వారం అదే పని ఎర్త్ ఇంజిన్‌లో మీడియన్‌తో చేసి, రెండు పటాలూ పక్కపక్కన పెట్టాలి. తేడా వచ్చిన చోటల్లా ఏది తప్పో, ఎందుకు తప్పో వాళ్లే రాయాలి. మార్కులన్నీ దానికే.